కారు వెనక ఇల్లు: బ్రిటన్‌లో కారవాన్ భద్రత నేర్చుకున్న తీరు

సరదా కోసం చక్రాల మీద ఇల్లు కట్టించుకుని దేశం తిరిగే అలవాటుకు బ్రిటన్‌లో 1885 సంవత్సరాన్ని మొదలుగా చెబుతారు. అంతకు చాలా ముందే రొమానీ కుటుంబాలూ, ఊరూరా తిరిగే సర్కస్ వాళ్ళూ బండి ఇళ్ళలో బతికేవారు. అది వాళ్ళ బతుకుతెరువు. రాయల్ నేవీలో వైద్యుడిగా పనిచేసి విరమించిన విలియం గోర్డన్ స్టేబుల్స్ మాత్రం కేవలం విహారానికే బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ చేత ‘వాండరర్’ అనే పెద్ద బండిని చేయించుకున్నాడు. రెండు గుర్రాలు లాగే ఆ బండిలో ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా వెళ్ళాడు. ఆ ప్రయాణం మొత్తం దాదాపు 1,300 మైళ్ళు.

ఆ బండి ముందు ఒక సేవకుడు ట్రైసికిల్ మీద వెళ్ళేవాడు. ముందు దారి ఎలా ఉందో చూడటం, ఇరుకు దారుల్లో ఎదురొచ్చే బండ్లను హెచ్చరించడం అతని పని. కారవాన్ భద్రత చరిత్రలో ఇది చిన్న వివరమే అయినా విలువైనది. రెండు టన్నులకు చేరువైన బండిని మలుపులోనో, వాలులోనో చూసి ఆపడం కుదరదనీ, ఆపవలసిన అవసరం రాకుండా ముందే చూసుకోవాలనీ స్టేబుల్స్‌కు తెలుసు. ఆ కాలపు బండి ఇళ్ళకు కొండ దిగేటప్పుడు చక్రం కింద ఇనుప పాదుక తొడిగేవారు. చక్రం తిరగకుండా నేల మీద జారుతూ వేగం తగ్గేది. కొండ ఎక్కేటప్పుడు వెనక చక్రం వెంట చిన్న దొర్లుడు దిమ్మ వేలాడేది. గుర్రాలు అలసి ఆగితే బండి వెనక్కి జారకుండా అది అడ్డుపడేది. రెండూ బయల్దేరే ముందే సిద్ధంగా ఉండాలి. వాలులో సగం దిగాక పాదుక కోసం వెతికే వ్యవధి ఎవరికీ ఉండదు.

1907లో లండన్‌లో జె. హారిస్ స్టోన్ ఇంట్లో కొద్దిమంది కూడి కారవాన్ క్లబ్‌ను స్థాపించారు. స్టేబుల్స్ దానికి ఉపాధ్యక్షుడు అయ్యాడు. అప్పటికి అందరివీ గుర్రపు బండ్లే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పరిస్థితి మారింది. 1919లో బర్మింగ్‌హామ్‌లో రైలీ తండ్రీకొడుకులు ఎక్లెస్ సంస్థ పేరుతో, కారు లాగే కారవాన్లను అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టారు. అసలు చిక్కు అక్కడి నుంచే మొదలైంది.

నాలుగు చక్రాల గుర్రపు బండి తన బరువును తానే మోస్తుంది. గుర్రాలకు లాగడం ఒక్కటే పని. కారు వెనక తగిలించే కారవాన్‌కు సాధారణంగా ఒకటే ఇరుసు, రెండే చక్రాలు. అంటే అది మూడు చోట్ల ఆనుతుంది: రెండు చక్రాల మీద, కారు వెనక ఉన్న కొక్కెం మీద. మన ఎడ్లబండికి ధాన్యం ఎత్తేవాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. బరువు ఇరుసుకు వెనక పడితే కాడి పైకి లేస్తుంది, ఎక్కువగా ముందుకు పడితే ఎడ్ల మెడలు కుంగిపోతాయి. అందుకే కాడి మీద కాస్త ముందుబరువు ఉండేలా బస్తాలు సర్దుతారు. కారవాన్‌కు కావలసినదీ ఆ కాస్త ముందుబరువే. తేడా వేగంలో ఉంది. ఎడ్లబండి నడకలో పెద్దగా కనిపించని తప్పు, గంటకు యాభై మైళ్ళ మీద ప్రాణం తీస్తుంది.

1920ల కారవాన్లలో ఈ లెక్క చాలావరకు అందాజు మీద నడిచింది. కారుకు తగిలించే పద్ధతి ఒక్కో తయారీదారుది ఒక్కో రకం. కొందరు కన్నంలో మేకు దింపేవారు, కొందరు గుండ్రటి బాల్ మీద గిన్నెలాంటి తలను (కప్లింగ్) బోర్లించేవారు. చివరికి నిలిచింది బాల్ పద్ధతే. మలుపుల్లో పక్కలకూ, ఎత్తుపల్లాల్లో పైకీ కిందికీ అది స్వేచ్ఛగా తిరుగుతుంది. బ్రిటన్‌లో మొదట ఆ బాల్ వ్యాసం రెండు అంగుళాలు, తర్వాత ఐరోపా అంతటికీ ఒకే కొలతగా 50 మిల్లీమీటర్లు అయింది. రెండింటికీ తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. అయినా పాత కారవాన్‌ను కొత్త కారుకు తగిలించేవాళ్ళు ఆ తేడాను తప్పక చూసుకోవాలి. రెండంగుళాల తల 50 మిల్లీమీటర్ల బాల్ మీద కూర్చుంటుంది, గట్టిగా పట్టుకోదు.

బ్రేకుల విషయంలో వచ్చిన ఉపాయం ఎంతో తెలివైనది. కారు బ్రేకు వేసినప్పుడు వెనకున్న కారవాన్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుతోనే కారవాన్ బ్రేకులు పడేలా చేస్తే? కప్లింగ్ వెనక ఉన్న కడ్డీ ఆ తోపుకు లోపలికి జరుగుతుంది, జరుగుతూ బ్రేకు రాడ్డును లాగుతుంది. దీన్నే ఓవర్‌రన్ బ్రేకు అంటారు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. కారు వెనక్కి పోతున్నప్పుడు కూడా కప్లింగ్ మీద తోపే పడుతుంది కాబట్టి బ్రేకులు పట్టేసేవి. డ్రైవర్ దిగి ఒక మీటను తిప్పి బ్రేకును ఆపి, వెనక్కి పోనిచ్చి, మళ్ళీ దిగి మీటను సరిచేయాలి. సరిచేయడం మరిచిపోతే బ్రేకులు లేని కారవాన్‌తో రోడ్డెక్కినట్టే. 1982 అక్టోబరు నుంచి తయారయ్యే బ్రేకులున్న ట్రెయిలర్లకు, వెనక్కి పోయేటప్పుడు తనంతట తానే వదిలే బ్రేకూ, కుదుపును మింగే హైడ్రాలిక్ కప్లింగూ ఉండి తీరాలని నియమం వచ్చింది. మనిషి మరపు మీద ఆధారపడిన ఒక పనిని యంత్రానికి అప్పగించడం ఈ చరిత్రలో మేలైన ఘట్టం. ఈనాడు 750 కిలోలు దాటిన ట్రెయిలర్ ఏదైనా సొంత బ్రేకులు లేకుండా రోడ్డెక్కకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కారవాన్ మధ్యతరగతి ఇంటికి చేరింది. 1949లో శామ్ ఆల్పర్ ‘స్ప్రైట్’ను తెచ్చాడు. అది తేలికైనది, చవకైనది. మధ్యధరా సముద్రం చుట్టూ దూరప్రయాణాలు చేయించి తన బండ్ల సత్తా చూపించాడు. అప్పటి కుటుంబ కార్లకు బలం తక్కువ కాబట్టి, కొండ ఎక్కగలమా లేదా అన్నదే చాలామందికి ప్రధానమైన దిగులు. వేగం గురించి ఎవరూ అంతగా బెంగపడలేదు. చట్టం కూడా ట్రెయిలర్ లాగే కార్లను చాలాకాలం గంటకు 30 మైళ్ళకు, ఆ తర్వాత 40కి కట్టడి చేసింది.

1958 డిసెంబరులో ప్రెస్టన్ బైపాస్, మరుసటి ఏడు ఎం1 మోటార్‌వే తెరుచుకున్నాయి. దారి తిన్నగా, వెడల్పుగా ఉంది. కార్ల బలం ఏటేటా పెరిగింది. అప్పుడు కారవాన్లలో దాగి ఉన్న జబ్బు బయటపడింది. లారీ పక్కనుంచి దూసుకుపోయినా, వంతెన మీద గాలి కొట్టినా, దిగుడులో వేగం పెరిగినా కారవాన్ తోక ఇటూ అటూ ఊగడం మొదలుపెడుతుంది. ప్రతి ఊపూ కారు వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది. ఒక హద్దు వేగం లోపల ఆ ఊపు తనంతట తానే చల్లారుతుంది. ఆ హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. కొన్ని సెకన్లలోనే కారూ కారవానూ కలిసి బోల్తా పడతాయి. బెదిరిపోయి బ్రేకు గట్టిగా తొక్కినా, వేగం పెంచి లాక్కుపోదామనుకున్నా, స్టీరింగ్‌ను ఎదురు తిప్పినా ఊపు పెరుగుతుందే తప్ప తగ్గదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్‌ను నిలకడగా పట్టుకుని, వేగం దానంతట అది పడిపోయేదాకా ఆగాలని శిక్షకులు నేర్పుతారు. అంతకన్నా ముఖ్యంగా, ఆ హద్దు వేగం ఎంత అన్నది బయల్దేరే ముందు సామాను సర్దడంలోనే చాలావరకు తేలిపోతుంది.

అందుకే 1970ల్లో గంటకు 50 మైళ్ళ వేగానికి అనుమతి ఇచ్చినప్పుడు చట్టం ఒక షరతు పెట్టింది. బ్రేకులున్న కారవాన్ బరువు కారు సొంత బరువును మించకూడదు, రెండు బరువులూ బండ్ల మీద రాసి ఉండాలి, కారవాన్ వెనక ‘50’ అంకె పలక ఉండాలి. బరువుల నిష్పత్తికీ భద్రతకూ ఉన్న సంబంధాన్ని వేగపరిమితితో ముడిపెట్టిన నియమం అది. ఈనాడు పలకల బాధ లేదు. మామూలు రోడ్ల మీద 50, డ్యూయల్ క్యారేజ్‌వేల మీదా మోటార్‌వేల మీదా 60 మైళ్ళు పరిమితి. మూడు, అంతకు మించిన వరుసలున్న మోటార్‌వేల్లో కుడిచివరి వరుసలోకి ట్రెయిలర్లు వెళ్ళకూడదు.

క్లబ్బులు, కారవాన్ పరిశ్రమ కలిసి ఇంకా కఠినమైన సూత్రాన్ని ప్రచారం చేశాయి. కొత్తగా లాగేవాళ్ళు నిండు సామానుతో ఉన్న కారవాన్ బరువును కారు సొంత బరువులో 85 శాతం లోపే ఉంచుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళయినా నూరు శాతం దాటకూడదు. 1,600 కిలోల కారుకు 85 శాతం అంటే 1,360 కిలోలు. ఇది చట్టం కాదు, సలహా. కారు తయారీదారు ఇచ్చే లాగుడు పరిమితి దీనికంటే చాలా ఎక్కువ ఉండవచ్చు. చాలామంది ఆ అంకెను చూసి ధైర్యం తెచ్చుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. 12 శాతం వాలులో ఆగిన బండి మళ్ళీ కదలగలదా అన్నదాన్ని పట్టి తయారీదారు అంకె నిర్ణయమవుతుంది. అది ఇంజను, క్లచ్‌ల బలం సంగతి. వెనక ఊగే బరువును కారు నిలదొక్కుకోగలదా అన్నది వేరే ప్రశ్న. దానికి 85 శాతం సూత్రమే దగ్గరి జవాబు.

బరువు ఎంత అన్నదెంత ముఖ్యమో, ఎక్కడ అన్నదీ అంతే ముఖ్యం. కప్లింగ్ మీద పడే ముందుబరువు మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది స్థిరపడిన లెక్క. 1,300 కిలోల కారవాన్‌కు అది 65 నుంచి 91 కిలోలు. కారు కొక్కేనికి తయారీదారు పెట్టిన హద్దు దీనికంటే తక్కువుంటే ఆ హద్దే పాటించాలి. దీన్ని కొలవడానికి గేజీలు దొరుకుతాయి. పాతకాలపు యజమానులు స్నానాల గదిలోని తూకం యంత్రాన్ని కప్లింగ్ కింద పెట్టి, మధ్యలో తగినంత పొడవున్న కర్రముక్క నిలబెట్టి, కారవాన్ ముందుభాగాన్ని ఎత్తి దించే జాకీ చక్రాన్ని మెల్లగా పైకి తిప్పి బరువు చూసేవారు. ఇప్పటికీ అది పనికొచ్చే పద్ధతే. కారవాన్ సమతలంగా ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టి ఉండాలి, అంతే.

తక్కువ వస్తే సామాను కాస్త ముందుకు, ఎక్కువ వస్తే ఇరుసు దగ్గరికి జరపాలి. వెనక గోడ దగ్గర ఏదో ఒకటి పెట్టి ముందుబరువును సరిచేయడం మాత్రం చేయకూడదు. తూకంలో అంకె సరిగ్గానే కనిపిస్తుంది. కానీ రెండు కొసలా బరువున్న కారవాన్ ఊగడం మొదలైతే ఆపడం కష్టం. గుడారం, కుర్చీలు, డబ్బా సరుకులు ఇరుసు మీద, నేలకు దగ్గరగా ఉండాలి. పై అరల్లో తేలికైన దుప్పట్లు, బట్టలు చాలు. 40 లీటర్ల నీళ్ళ పీపా నింపి తీసుకెళ్తే 40 కిలోలు వృథాగా మోసినట్టు. చాలా కారవాన్లలో యజమాని సామానుకు మిగిలే వాటా మహా అయితే నూట యాభై కిలోలు. అందులోంచే బ్యాటరీ, గ్యాసు, గుడారం పోగా మిగిలేది ఎంతో కొత్తవాళ్ళు ఊహించలేరు. వారాంతపు ప్రయాణానికి బయల్దేరే కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందుకే అన్నీ సర్దుకున్నాక ఒకసారి వేబ్రిడ్జి మీదికి ఎక్కించి చూడటం మంచిది.

ఊపును అణచే స్టెబిలైజర్‌గా తయారీదారులు మొదట కారుకూ కారవాన్‌కూ మధ్య ఉక్కు పట్టీలాంటి కడ్డీని బిగించారు. దాని చివర రాపిడి బిళ్ళలు ఉండేవి. తర్వాత ఆ రాపిడిని కప్లింగ్ లోపలికే తెచ్చారు. బవేరియాలో అలోయిస్ కోబర్ స్థాపించిన అల్కో సంస్థ ఇందులో పేరుమోసింది. కప్లింగ్ తలలోని రాపిడి ప్యాడ్లు బాల్‌ను నొక్కిపట్టి ఊపును మొదట్లోనే తుంచుతాయి. దీంతో ఒక పాత అలవాటు తలకిందులైంది. ముందు తరాల వాళ్ళు బాల్‌కు గ్రీజు రాయనిదే బయల్దేరేవారు కాదు. రాపిడి ప్యాడ్లు ఉన్న కప్లింగ్‌కు గ్రీజు విషమే. కొత్త బాల్ మీది పెయింట్‌ను కూడా గీకి శుభ్రం చేయాలి. తాత గ్రీజు డబ్బా మనవడి కారులో ఇంకా ఉంటే, ఖరీదైన స్టెబిలైజర్ ఉన్నట్టా లేనట్టా!

బాత్ విశ్వవిద్యాలయంలో జోస్ డార్లింగ్ బృందం, బ్రిస్టల్‌లోని బెయిలీ సంస్థ సహకారంతో ఈ ఊపును పరీక్షించింది. బరువులను అటూ ఇటూ మార్చగలిగే ప్రత్యేక కారవాన్‌ను వేర్వేరు వేగాల్లో లాగి చూశారు. ముందుబరువు, ఇరుసు ఉన్న చోటు, బరువు కొసలకు ఎంత విస్తరించి ఉందన్నది నిలకడ మీద బాగా పనిచేస్తాయని తేలింది. అనుభవజ్ఞులు చెబుతూ వచ్చిన మాటను కొలతలు నిలబెట్టాయి. ఊపును పసిగట్టి కారవాన్ బ్రేకులను తనంతట తానే వేసే ఎలక్ట్రానిక్ పరికరాలు మార్కెట్లోకి వచ్చాయి. అవి ఊపును చల్లారుస్తాయి. తప్పుగా సర్దిన సామానును మాత్రం సరిచేయవు.

తగిలించే పనికి ఒక వరస ఉంది. ముందు కారవాన్ హ్యాండ్‌బ్రేకు, చక్రాలకు అడ్డుదిమ్మలు. కారును వెనక్కి తెచ్చి బాల్‌ను కప్లింగ్ కిందికి చేర్చాలి. జాకీ చక్రాన్ని తిప్పి కప్లింగ్‌ను దించితే ‘టక్’మని పడుతుంది. ఆ చప్పుడుతో సంతృప్తి పడకూడదు. చాలా కప్లింగ్‌లలో సరిగ్గా కూర్చుంటే ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. అయినా జాకీ చక్రాన్ని మళ్ళీ కిందికి తిప్పి చూడాలి: కారు వెనక భాగం కాస్త పైకి లేస్తే పట్టు పడినట్టు, కప్లింగ్ ఒక్కటే లేస్తే పట్టు లేనట్టు. ఆ తర్వాత బ్రేక్‌అవే కేబుల్‌ను కారుకు తగిలించాలి. దారిలో కప్లింగ్ ఊడితే ఆ సన్నని తీగ కారవాన్ హ్యాండ్‌బ్రేకును లాగి వేస్తుంది. మలుపులో లాగబడేంత బిగువుగానూ, నేలకు రాసుకునేంత వదులుగానూ ఉండకూడదు.

కరెంటు ప్లగ్గులు కూడా కాలంతో మారాయి. మొదట ఏడు పిన్నుల నల్ల ప్లగ్గు ఒక్కటే, లైట్ల కోసం. తర్వాత ఫ్రిజ్‌కూ బ్యాటరీకీ రెండోది చేరింది. 2008 ప్రాంతం నుంచి కొత్త కారవాన్లకు రెండింటినీ కలిపిన పదమూడు పిన్నుల ప్లగ్గు వచ్చింది. ప్లగ్గు పెట్టాక ఇంకొకరు వెనక నిలబడి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. నాలుగు మూలల కాళ్ళూ జాకీ చక్రమూ పూర్తిగా పైకెత్తి, కిటికీలూ పైకప్పు గవాక్షాలూ మూసి, కారు నంబరు పలకను వెనక బిగించి, వెడల్పు అద్దాలు తగిలించుకున్నాక చివరగా కారవాన్ హ్యాండ్‌బ్రేకు వదలాలి. ప్రయాణంలో కారవాన్ లోపల మనుషులు ఉండటం చట్టవిరుద్ధం.

టైర్ల సంగతి ఇల్లుగా వాడే బండికి ప్రత్యేకం. కారు టైరు అరిగి పోతుంది. కారవాన్ టైరు ఎండకు ఎండి, నెలల తరబడి ఒకేచోట నిలబడి, పైకి కొత్తదిలా కనిపిస్తూనే పక్కగోడలు బీటలు వారి పోతుంది. టైరు మీద తయారైన వారం, ఏడు నాలుగంకెల్లో ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. అయిదేళ్ళకు మార్చడం మంచిదనీ, ఏడేళ్ళు దాటనివ్వవద్దనీ సలహా. చక్రం బోల్టులను టార్క్ రెంచ్‌తో బిగించాలి, చక్రం విప్పి వేసినట్టయితే 30 మైళ్ళు వెళ్ళాక మళ్ళీ చూడాలి.

1935లో కాలర్ గ్యాస్ మొదలయ్యాక కారవాన్లలో కిరోసిన్ పొయ్యి చోటులో గ్యాసు చేరింది. ఆ గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి కారితే నేలకు దిగుతుంది. అందుకే కారవాన్ నేలలో రంధ్రాలు ఉంచుతారు. చలిగాలి వస్తోందని వాటిని మూసేవాళ్ళు ప్రాణాపాయాన్ని కొనితెచ్చుకుంటారు. ప్రయాణంలో సిలిండరు కట్టేసి ఉండాలి. ఒకప్పుడు ఫ్రిజ్‌ను గ్యాసు మంట మీదే నడుపుతూ ప్రయాణించేవారు, ఆ మంటతోనే పెట్రోలు బంకులోకీ వెళ్ళేవారు. ఇప్పుడు దారిలో ఫ్రిజ్ కారు కరెంటు మీద నడుస్తుంది.

ఎంత సిద్ధం చేసినా కొన్ని దారులు కారవాన్‌కు పనికిరావు. 1966లో తెరిచిన సెవర్న్ వంతెన మీద పెనుగాలి వీచే రోజుల్లో ఎత్తైన బండ్లను ఆపేస్తారు. యార్క్‌షైర్‌లోని సటన్ బ్యాంక్ కొండ వాలు కొన్నిచోట్ల నాలుగుకు ఒకటి. ఆ దారిలో కారవాన్లను నిషేధించారు. గాలి వార్తలు, కొండల పటం చూసుకోవడం కూడా తయారీలో భాగమే.

లాగేవారికి పరీక్ష ఉండాలా వద్దా అన్నది బ్రిటన్‌లో రెండుసార్లు మారింది. 1997 జనవరి 1 నుంచి లైసెన్సు పొందినవాళ్ళు బరువైన కారవాన్ లాగాలంటే ప్రత్యేక డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాల్సి వచ్చింది. 2021 డిసెంబరు 16న ఆ పరీక్ష రద్దయింది. లారీ డ్రైవర్ల కొరత తీర్చడానికి పరీక్షకులకు వెసులుబాటు కావాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఇప్పుడు కారు లైసెన్సు ఉంటే 3,500 కిలోల దాకా ట్రెయిలర్ లాగవచ్చు. శిక్షణ తీసుకోవడం ఎవరి ఇష్టం వారిది. క్లబ్బుల శిక్షణ తరగతులు ఉన్నాయి. తీసుకోదలచినవాళ్ళు డబ్బు కట్టి తీసుకుంటున్నారు. రద్దు చేయడం తొందరపాటన్న అభిప్రాయానికి బలమైన ఆధారమే ఉంది. ఎందుకంటే పైన చెప్పిన పనుల్లో ఏదీ చూసి గ్రహించేది కాదు, ఎవరో ఒకరు నేర్పాల్సిందే.

విద్యుత్ కార్లతో కొత్త లెక్కలు మొదలయ్యాయి. చాలా విద్యుత్ కార్లకు లాగుడు పరిమితి తక్కువ, కొన్నింటికి అసలు అనుమతే లేదు. కారవాన్ తగిలిస్తే ఒక్క చార్జింగ్‌తో వెళ్ళే దూరం బాగా పడిపోతుంది. చార్జింగ్ స్టేషన్లు ఒంటి కారుకు సరిపడేలా కట్టినవి కావడంతో చాలాచోట్ల కారవాన్‌ను విప్పి పక్కన నిలపాల్సి వస్తుంది. మునుపు ప్రయాణంలో ఒక్కసారే జరిగే తగిలింపు ఇప్పుడు దారి మధ్యలో, హడావుడిలో, తెలియని చోట మళ్ళీ మళ్ళీ జరుగుతోంది. కేబుల్, ప్లగ్గు, జాకీ చక్రం, హ్యాండ్‌బ్రేకు ప్రతిసారీ మొదటి నుంచి సరిచూసుకోవాల్సి వస్తోంది.